నూలు కట్టిన పనసాకులు

అమలాపురం కళాశాలలో వృక్షశాస్త్రం బోధించే నా మేనకోడలు మాఘమాసంలో మా పెరటి పనసచెట్టున ముప్పై ఆకులను ఎంచి, తొడిమలకు ఎర్రనూలు కట్టింది. ఆకు పండే వేళ పత్రహరితం విచ్ఛిన్నమై కొన్ని కొత్త పదార్థాలు ఏర్పడతాయట. చిరకాలం వాటిని చెట్టుకు అక్కరలేని మడ్డిగానే ఎంచారట. శరీరకణాలను కాపాడే గుణం వాటిలో ఉందేమోనని ఇప్పుడు విచారణ సాగుతున్నదట. ఆమె పరిశోధన దానిమీదనే. పచ్చగా ఉన్ననాటినుండి పండేవరకు అవే ఆకులను గమనించాలి గనుక, ప్రతి ఆదివారం వచ్చి రంగు వ్రాసుకొనేది. వేసవిలోగా ఫలితాలు సమర్పించకుంటే గడువు ముగుస్తుంది.

ఆకులు పండాయి. ఆమె కోరికపై, పొట్టిక్కబుట్టలకు మా చెట్టు ఆకులు కోసుకొనే ఇల్లాలితో, "నూలు కట్టినవన్నీ కోసి ఉంచమ్మా, మేనకోడలు తీసుకువెళుతుంది" అన్నాను. ఇడ్లీపిండి పోసి ఉడికించే ఆ బుట్టలకు పచ్చని ఆకే పనికివస్తుంది. ఈ ఆకులు ఎందుకో చెప్పాలని నాకు తోచలేదు.

సాయంత్రం మేనకోడలు పొట్లం విప్పింది. లోపల ముప్పై ఆకులు, నిగనిగలాడే పచ్చనివి. ప్రతి తొడిమకూ ఎర్రనూలు పొందికగా కట్టి ఉంది.

"ఇవేంటండీ?" అంది తెల్లబోయి.

అరుగుమీద బుట్ట కుడుతున్న ఇల్లాలు తలెత్తింది. "అయ్యన్నీ పండిపోయేయండి. ఇంటి ఆడపడుచు చేతిలో పండుటాకులు పెడతామా అండీ? నూలు విప్పి మంచివాటికి కట్టేనండి."

"మరి పండినవో?"

"మా మేకకేసేనండి. ఇష్టంగా తినేసిందండి."

"అయితే ఔషధగుణం ముందు మేకకే తెలిసిందన్నమాట! మావయ్యా, నలభై ఏళ్లు పాఠాలు చెప్పేరు కదా, పండినవే కావాలని ఒక్క మాట చెప్పలేకపోయేరా?"

ఇల్లాలి చేతిలో పుల్ల ఆగిపోయింది. విషయం అడిగి తెలుసుకొని, చెట్టు దగ్గరికి నడిచింది.

"పండబోయే ఆకు నాకు తెలుస్తాదండి. ఇలా మడిస్తే పెళుసుగా ఉంటాది, బుట్టకి ఆగదు. పది రోజుల్లో పండేవి చూపించనా అండీ?"

"ఆయ్, చూపించండి."

ఆమె ముట్టి చూపిన ఆకులకూ తక్కినవాటికీ నా కంటికి భేదం కనబడలేదు. మేనకోడలు వాటికే నూలు కట్టి, ఈమారు రోజూ వచ్చి రంగు వ్రాసుకొంది. పన్నెండవనాటికి అధికభాగం పండాయి. గడువుకు అవి చాలునో లేదో ఇంకా తేలలేదు. కోతనాడు మాత్రం మేనకోడలు నిచ్చెన తానే ఎక్కింది. నన్ను దరి చేరనీయలేదు.