పసుపు గది గోడ

అరవైల మొదట్లో మా ఆర్మూర్ ఇంట్లో అందరికన్నా గౌరవం పసుపు బస్తాలకే ఉండేది. ధర పెరిగేదాకా ఆగే ఆ బస్తాలకు లోపలి గది ఇచ్చి, మేం వసారాలో పడుకునేవాళ్ళం. కిటికీ లేని గది. పగలు వెళ్ళినా తడుముకోవాల్సిందే. అక్క తొలికాన్పుకు వస్తుందంటే నానమ్మ ఆ గదిలోనే మంచం వేయమంది. "పసుపున్న తాన పురుగు బూసి రాదు" అని ఆమె ధీమా. పసుపు గురించి ఊళ్ళో ఎవరూ ఎదురు మాట్లాడేవాళ్ళు కాదు, ధర విషయంలో తప్ప.

అక్క రావడానికి కొద్దిరోజుల ముందే మలేరియా వాళ్ళు వచ్చి డి.డి.టి. కొట్టారు. పంపు పట్టుకున్న మనిషి గోడ తడుపుతూ, నేను అడగకపోయినా పాఠం చెప్పాడు.

"మనల కుట్టేది ఆడదోమనే తమ్మీ. గుడ్లు పెట్టాలంటే దానికి రక్తం కావాలె. కడుపునిండ తాగినంక బరువైతది, దూరం ఎగరలేదు. దగ్గర్ల చీకటి గోడ సూసుకొని కూసుంటది. గాడ గీ మందు తగిలి సస్తది."

"మరి మగదో?"

"మగది పూలరసం తాగుకుంట తిరుగుతది."

"అంటే మా నాయిన లెక్క. ఇంట్ల ఏం జరిగేది గాయనకు ఎర్కుండది."

నాయిన అక్కడే ఉన్నాడు. ఏమన్నానని తర్వాత అమ్మను అడిగాడు.

మందు ఆరాక ఎర్రమన్ను గోడల నిండా తెల్లటి మరకలు తేలాయి. అమ్మ తల కొట్టుకుంది. "బిడ్డ పురిటికచ్చే ఇల్లేనా ఇది? వియ్యంకురాలు సూస్తే నవ్వదా?" గోడలన్నీ మళ్ళీ మన్నుతో మెత్తి, పైన సున్నం పూసింది. గది మెరిసిపోయింది. మందు మన్ను వెనకాల భద్రంగా ఉండిపోయింది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

వానలు వెనకపట్టాక ఒక మధ్యాహ్నం అక్కకు చలి పుట్టింది. బయట ఎండ కాస్తోంది. ఇంట్లో ఉన్న గొంగళ్ళన్నీ కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి, మంచంకోళ్ళు నేల మీద దరువు వేస్తున్నాయి.

"గీ మంచం గిట్లనే ఊగితే పొద్దుగూకేవరకు పక్కూరు పెర్కిట్‌ల ఉంటది" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

చలి పోయి ఒళ్ళు కాలింది, ఆ తర్వాత చెమట. మర్నాడు అక్క లేచి కూర్చుని పచ్చిపులుసు అడిగితే గండం గడిచిందనుకున్నాం. ఆ మర్నాడు అదే వేళకు మళ్ళీ వచ్చింది. అప్పటినుంచి జ్వరం వచ్చే రోజుకన్నా రాని రోజే నాకు ఎక్కువ భయం. అందరం మామూలుగా ఉన్నట్టు నటించేవాళ్ళం. నటన చేతగాని నాయిన పొలానికి పోయేవాడు.

దవాఖానలో వేలు పొడిచి రక్తం తీసి, మలేరియా అని గోళీలు ఇచ్చారు. గోళీలు మింగితే కడుపు పోతుందని నానమ్మ, మింగకపోతేనే పోతుందని దవాఖాన వాళ్ళు. పక్కింటామె వచ్చి, ఆలూర్‌లో ఎవరికో ఇట్లాగే కడుపు పోయిందని వివరంగా చెప్పి, "మీరేం ఫికర్ చెయ్యకుండ్రి" అని ధైర్యం కూడా చెప్పి వెళ్ళింది. అక్క కళ్ళు మూసుకుని గోళీ మింగింది.

ఆ పూట ఆమెను వసారాలో చాప మీద పడుకోబెట్టి, మంచం తేవడానికి నేనూ అమ్మా దీపం పట్టుకుని గదిలోకి వెళ్ళాం. బస్తా ఒకటి పక్కకు జరిపితే, వెనక తెల్లటి గోడ మీద దోమలు. తల గోడకు ఆనించి, వెనక భాగం పైకెత్తి, ఏటవాలుగా కూర్చున్నాయి. చెయ్యి ఆడించినా కదలలేదు. కడుపులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఒకదాన్ని అరచేత్తో కొట్టాను. సున్నం మీద నెత్తుటి మరక పడింది. అది ఎవరి నెత్తురో ఇద్దరికీ తెలుసు.

పంపు మనిషి చెప్పింది అమ్మకు చెప్పాను. ఆమె కొడవలి తెచ్చి గోడ గీకడం మొదలుపెట్టింది. "అడుగున మందున్నది గద, ఉన్నది గద" అనుకుంటూ. సున్నం, మన్ను పెళ్ళలుగా రాలుతున్నాయి. వాటితోపాటే మందూ రాలుతోంది.

అంతలో వసారాలోంచి అక్క గొంతు. "అమ్మా, పొద్దటిసంది లోపల కదుల్తలేదే."

కొడవలి జారి కింద పడింది. మేం పరుగెత్తేసరికి నానమ్మ అక్క కడుపు మీద చెయ్యి పెట్టి ఉంది. చెయ్యి తీయదు. అమ్మ నావైపు తిరిగింది.

"ఎన్నడు నోరు మూయవు గదరా. ఏదన్న చెప్పు. నవ్వితే కదుల్తదేమో."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకు మాట రాలేదు. చివరికి ఎట్లాగో అన్నాను:

"అక్కా, గా దోమ గూడ కడుపుతోనే ఉన్నదట. అది గూడ పురిటికే మనింటికచ్చింది. అమ్మ దానికి గోడలకు సున్నం గూడ ఏసింది."

అక్క నవ్వలేదు. "నోర్ముయ్ తమ్మీ, గివా మాట..." అంటూ ఆగిపోయింది. నానమ్మ అరచెయ్యి చిన్నగా ఎగిరింది.

నా మాటలకు తన్నుతో జవాబిచ్చినవాళ్ళు అంతకుముందూ ఉన్నారు. ఇంటిల్లిపాదీ చేతులెత్తి మొక్కింది మాత్రం ఆ ఒక్కసారే.

గోళీలకు జ్వరం ఆగింది. అమ్మ పోయి బతిమాలి పంపు మనిషిని మళ్ళీ తీసుకొచ్చి, దగ్గరుండి గోడలు తడిపించింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత ఉన్నా ఏడుపు వాడంతా వినిపించేది. తొట్టెలలో వేసిన రోజు వియ్యంకురాలు వచ్చి మరకల గోడల్ని ఎగాదిగా చూసింది.

"ఏం వదినె, ఆర్మూర్‌ల సున్నం దొరుకుత లేదా?" అంటూ వేలితో గోడ గీకబోయింది.

అమ్మ గభాలున ఆమె చెయ్యి పట్టుకుంది. "నన్ను ఎన్నన్న అను వదినె. గోడ మాత్రం ముట్టకు."