వీర్రాజు నడుం

జాలరిపేటలో కొత్త పడవకు కొబ్బరికాయ కొట్టబోయి వంగిన ఎమ్మెల్యే వీర్రాజు మరి లేవలేదు. నడుం పట్టేసింది. గంగమ్మకు మొక్కుతున్నాడనుకుని జనమంతా వంగి, ఆయన లేచేదాకా అలాగే ఉండిపోయారు. చివరికి స్నేహితుడు వరహాలు చంకలో చెయ్యేసి, అదీ పూజలో భాగమే అన్నట్టు లేపాడు. ఇద్దరూ కుర్రతనంలో రేవులో బస్తాలు మోసినవాళ్లే. నడుంనొప్పి ఇద్దరికీ అక్కడిదే.

వీర్రాజు చొక్కా కింద తోలుబెల్టు బిగించుకునేవాడు. కూర్చుంటే లేవలేడు గనక, వచ్చిన కూలీలకు కుర్చీలు వేయించి తాను నిలబడే మాట్లాడేవాడు. ఎంత మర్యాదస్తుడో అని జనం మెచ్చుకునేవారు. రేవులో నడుం పోయిన కూలీని మేస్త్రీ మర్నాడే పని మానిపించేవాడు. నాయకుణ్ని మాత్రం జనం ఉంచుకుంటారా అని ఆయన భయం. అందుకే ఆ సంగతి వరహాలుకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

పంతొమ్మిది వందల ఎనభై రెండులో వరహాలు పోయాడు. పాడె ఎత్తే వేళకు వీర్రాజు వంగబోయి, వంగలేక, గోడ పట్టుకుని నిలబడిపోయాడు. వరహాలు భార్య తాయారు అందరి ముందూ అడిగేసింది.

"బావా బావా అని నీ ఎనకాలే తిరిగినాడు. ఆడికి భుజం పట్టడానికి నీకు నామోసీయేటి అన్నయ్యా?"

వీర్రాజు మొట్టమొదటిసారి నలుగురిలో చొక్కా పైకెత్తి బెల్టు చూపించాడు.

"ఆడి నడుంనొప్పి ఈయాల్తో తీరిపోనాది సెల్లీ, నాదింకా ఉంది."