రానట్టు తొక్కిన సైకిల్

నా చిన్నప్పుడు, సైకిల్ తొక్కడం చక్కగా వచ్చి కూడా, కొన్ని వారాలపాటు పడుతూ లేస్తూ గడిపాను. అది మా తాతయ్య వేసిన ఎత్తు.

తార్నాకలో మా మేడమీది గదిలో ఒక అన్న అద్దెకుండేవాడు. పల్లెటూళ్ళో తెలుగు మీడియం చదివి, యూనివర్సిటీలో ఇంజినీరింగ్ సీటు తెచ్చుకున్నాడు. వాళ్ళ ఊరికి అదే మొదటి సీటు. కానీ క్లాసులో ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు, అడగాలంటే సిగ్గు. మొదటి పరీక్షలు తప్పాక కాలేజీకి వెళ్ళడమే మానేశాడు. ఒకరోజు పొద్దున పరుపు చుట్టి, ట్రంకుపెట్టెతో మెట్లు దిగాడు. ఇక మళ్ళీ రాడని మా అందరికీ అర్థమైంది.

తాతయ్య ఉండమని బతిమాలలేదు, నీతులు చెప్పలేదు. నన్ను ముందుకు తోసి, "పోతే పో బిడ్డా. గని మా పిల్లకు సైకిల్ నేర్పి పో. నా మోకాళ్ళు పట్టుకపోయినయ్, ఎనక ఉర్కలేను" అన్నాడు. నేను తెల్లబోయాను. వేసవి సెలవుల్లో మెట్టుగూడలో మేనత్త వాళ్ళింటి దగ్గర నేను నేర్చుకున్నానని ఆయనకు తెలుసు కదా! ఏదో అనబోయేంతలో వెనక నుంచి నా జడ పట్టి చిన్నగా లాగాడు. రానట్టు నటించమంటున్నాడని అర్థమైంది.

ఇక రోజూ పొద్దున్నే క్యాంపస్ రోడ్ల మీద నేను వంకర్లు తిరిగి పడడం, అన్న సీటు పట్టుకుని వెనక పరిగెత్తడం. దారిన పోయే అతని క్లాసువాళ్ళు ఆ తమాషా చూసి ఆగేవారు. ఒకతను హ్యాండిల్ పట్టుకునేవాడు, ఇంకొకతను చాయ్ తాగుదాం రమ్మనేవాడు. అప్పటిదాకా వాళ్ళకు అన్న పేరు కూడా తెలియదట. మెల్లగా వాళ్ళతోపాటే క్లాసుకు పోవడం, సాయంత్రం వాళ్ళ గదిలో లెక్కలు చేయడం మొదలైంది. తప్పిన పరీక్షలు మళ్ళీ రాసి గట్టెక్కాడు.

ఆ ఫలితాలు వచ్చిన రోజు నాకు జిలేబీలు తెచ్చిచ్చి నవ్వాడు. "నువ్వు మొదటిరోజే పడేముందు బ్రేక్ పట్టినవ్. సైకిల్ రానోళ్ళు బ్రేక్ పడ్తరా చెల్లే?"

"మరి ఎందుకు పోలే అన్నా?"

"నన్ను ఆపనీకి ఒక పిల్ల మోకాళ్ళు గీరుకపోయేటట్టు పడుతుంటే, ఎట్ల పోవాలె?"

తర్వాత నేనూ చాలా ఏళ్ళు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాను. లెక్కలు రాక మానేశాడనో, ఇంగ్లీషు రాక మానేసిందనో తోటివాళ్ళు అంటుండేవారు. అదీ నిజమే. కానీ వెళ్ళిపోయిన పిల్లల్లో చాలామందికి, తాము లేకపోతే ఆగిపోయే పని అక్కడ ఒక్కటీ ఉండేది కాదు. మా తాతయ్య అలాంటి పనిని పుట్టించాడు. ఆయన తెలివికి, మనసుకి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఇప్పుడు అదే మేడగదిలో ఇంజినీరింగ్ చదివే అమ్మాయి ఉంటోంది. కిందటి నెల కళ్ళు తుడుచుకుంటూ బ్యాగు సర్దుతుంటే, "పోదువు గాని, ముందు నాకు వీడియో కాల్ చేసుడు నేర్పు బిడ్డా" అన్నాను. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పుతోంది. నా వేలు సరైన చోటికి పోకుండా ఎంత కష్టపడి ఆపుకుంటున్నానో తాతయ్య ఒక్కడికే తెలియాలి.