ఇంగ్రిడ్ గారు నాకు అప్పగించిన అనువాదం

మొన్న నల్లకోటు కొనుక్కోవడానికి వన్‌టౌన్ వెళ్ళాను. ఒక న్యాయవాది గారి దగ్గర జూనియర్‌గా చేరి నెల కూడా కాలేదు. దుకాణదారు పై అరలోంచి అట్టపెట్టె దించి కోటును ఒక్కసారి విదిలించాడు. కలరా ఉండల వాసన గుప్పుమంది. "పాతదనుకునేరు, కొత్త సరుకేనమ్మా. పురుగు పట్టకుండా ఉండలేశాం," అన్నాడు. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని తోపుడుబండ్ల మధ్య నుంచి రోడ్డు మీదికి వచ్చేశాను. ఆ వాసన నాకు గన్నవరం దాటాక పొలాల మధ్య ఉన్న ఒక పిల్లల గృహాన్ని, అందులోని ఇనుప బీరువాను గుర్తు చేస్తుంది. ఆ బీరువాలో ముప్పై లేతనీలం గౌన్లు ఉండేవి. విదేశీ దాతలు వచ్చే రోజు ఉదయం అవి బయటికి వచ్చేవి. దాతల కార్లు గేటు దాటగానే, చెమటైనా ఆరకముందే, పిల్లల ఒంటి మీది నుంచి తిరిగి బీరువాలోకి వెళ్ళిపోయేవి. ఆ గౌన్లను తలుచుకుంటే ఇంగ్రిడ్ గారు గుర్తొస్తారు. ఆమె గుర్తొస్తే ప్రేమ కలగాలి, కలుగుతుంది కూడా. కానీ కోపం దానికంటే ముందు వస్తుంది. ఆ కోపంలో సగం ఆ గృహం మీద, మిగతా సగం నా మీద.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. నార్వేలో ఒక చిన్న దీవిలో పుట్టి, నర్సుగా పనిచేసి, ఉద్యోగ విరమణ తర్వాత తన చర్చి తరఫున ఏడాది పాటు సేవ చేయడానికి ఇక్కడికి వచ్చారు. గుమ్మాల్లో తల వంచితే తప్ప పట్టనంత పొడగరి. ఎండకు ముక్కు ఎప్పుడూ ఎర్రగా కమిలి ఉండేది. నూలుచీరను అయిదారు పిన్నీసులతో కట్టి, దానికింద మగవాళ్ళ చెప్పులు వేసుకునేవారు. తెలుగు పిల్లల దగ్గరే నేర్చుకున్నారు కనుక అందరినీ "నువ్వు" అనేవారు. గృహం నడిపే డైరెక్టరుగారిని కూడా "నువ్వు తిన్నావా?" అని అడిగితే పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వేవారు. వాళ్ళు ఆమెకు పెట్టుకున్న పేరు తెల్లమ్మమ్మ.

నేను అక్కడికి దుబాసిగా చేరాను. మా కాలేజీ వక్తృత్వ పోటీలకు అతిథిగా వచ్చిన డైరెక్టరుగారు నా ఇంగ్లీషు విని, డిగ్రీ పూర్తి కాగానే రమ్మన్నారు. డిబేట్‌లో నేను చీటీ తీసి ఏ పక్షం వస్తే ఆ పక్షం గెలిపించేదాన్ని. అనుకూలమైనా వ్యతిరేకమైనా నాకు ఒకటే. దాన్ని తెలివి అనుకునేదాన్ని. మొదటిరోజే ఇంగ్రిడ్ గారిని నిలదీశాను. తెల్లవారి అయిదున్నరకు వరండాలో చాప మీద కూర్చుని ఆమె పిల్లలకు తలలు దువ్వుతున్నారు. ముందు పేల దువ్వెన, తర్వాత కొబ్బరినూనె, తర్వాత రెండు జడలు. వరుసగా ముప్పైమంది.

"మీ దేశంలో పిల్లలు లేరా? ఇంతదూరం ఎందుకు వచ్చారు?" అని అడిగాను.

"ఉన్నారు," అన్నారు చిక్కు విడదీస్తూ. "వాళ్ళ తలలు నన్ను దువ్వనివ్వరు."

నాకు నవ్వొచ్చింది, కానీ వాదం వదల్లేదు. సేవ పేరుతో వచ్చేవాళ్ళు తమ తృప్తి కోసమే వస్తారని మూడు అంశాలుగా వివరించాను. ఆమె విన్నారు. ఆ పిల్లకు జడ పూర్తయ్యాక, "బాగా అడుగుతావు. అడిగాక జవాబు కోసం ఆగుతావా?" అన్నారు. తర్వాతి పిల్లను రమ్మని పిలిచారు.

ఆమె దినచర్య చాలా సాదాగా ఉండేది. దువ్వడం అయ్యాక పిల్లలతో పాటు నేల మీద కూర్చుని ఉప్మా తినేవారు. డైరెక్టరుగారు ప్రత్యేకంగా పంపిన కట్‌లెట్లను జ్వరం వచ్చిన పిల్లల మంచాల దగ్గరకు పంపేసేవారు. పిల్లలు బడిలో ఉన్నంతసేపు చిరిగిన యూనిఫారాలు కుట్టేవారు, కురుపులకు మందు రాసేవారు. సాయంత్రం గన్నవరంలో దిగే విమానాలను పిల్లలతో కలిసి లెక్కపెట్టి, ప్రార్థన చేయించి, తన కంచం తానే కడుక్కుని పడుకునేవారు. ఆమె విశ్వాసం నాది కాదు. మా ఇంట్లో దేవుడి గది ఉంది, నాకు దాని మీదా ప్రశ్నలున్నాయి. కానీ ఆమె ప్రార్థనలో ప్రదర్శన లేదని మాత్రం నేను సాక్ష్యం చెప్పగలను.

చేరిన రెండో వారంలోనే డైరెక్టరుగారు నన్ను గదిలోకి పిలిచి ఒక సంగతి చెప్పారు. పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులున్నారు. కొల్లేటి లంకల నుంచి, బందరు తీరం నుంచి వచ్చిన చేపలవాళ్ళ పిల్లలు. ఉచితంగా ఇంగ్లీషు మీడియం హాస్టలంటే నమ్మి పంపారు. దాతలకు పంపే కాగితాల్లో మాత్రం అందరూ అనాథలే.

"అనాథ అనకపోతే వాళ్ళ మనసు కరగదమ్మా. స్కూలు మూతబడితే ఈ పిల్లలు మళ్ళీ చేపల తట్టలెత్తుకోవాల్సిందే. ఒక్క మాట కోసం ఇంతమంది చదువు పాడు చేద్దామా? నువ్వే చెప్పు, తెలివైనదానివి," అన్నారు.

నాకు అది మంచి వాదంలా కనిపించింది. ఒప్పుకున్నాను. ఒక తల్లి తన బిడ్డకు తానే తల్లినని ఆ ఆవరణలో నిలబడి చెప్పుకోగలదా లేదా అన్నదే అక్కడి అసలు ప్రశ్న అని నాకు తట్టలేదు.

ఆ దాపరికాన్ని మొదట పట్టుకున్నది ఇంగ్రిడ్ గారి వేళ్ళు. ఒక రెండో శనివారం సాయంత్రం దుర్గ అనే పదకొండేళ్ళ పిల్ల ఆమె ముందునుంచి పోతుంటే ఆపారు. పొద్దున ఆమె వేసిన రెండు జడలు లేవు. వాటి స్థానంలో బిగుతుగా అల్లిన నాలుగు పాయల ఒంటిజడ, కనకాంబరాలు. "ఇది నా జడ కాదు. ఎవరు వేశారు?" అని అడిగారు. దుర్గ తల దించుకుంది. పక్కనున్న పిల్ల, "వాళ్ళమ్మేసింది తెల్లమ్మమ్మా, వెనక గేటు కాడ," అని, వెంటనే నాలుక కరుచుకుంది.

ఇంగ్రిడ్ గారు నా వైపు తిరిగారు. అమ్మ అన్న మాట ఆమెకు తెలుసు. నేను చాలా నిదానంగా, చాలా మర్యాదగా వివరించాను. "మా దగ్గర పెద్దావిడ ఎవరినైనా అమ్మా అనే పిలుస్తామండీ. కూరగాయలమ్మే ఆమెనూ అమ్మా అంటాం. అది మా సంస్కృతి." అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అందుకే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అబద్ధమైతే పట్టుబడేది. నేను ఒక నిజాన్ని తీసుకెళ్ళి ఇంకో నిజం నోట్లో కుక్కాను.

ఆమె వాదించలేదు. మరుసటి రెండో శనివారం వెనక గేటు దాటి కాలువగట్టు మీదికి వెళ్ళి కూర్చున్నారు. తల్లులు వచ్చేది అక్కడికే. దుర్గ తల్లి నాగమణి తెల్లవారుజామున చేపల తట్టతో పట్నం వచ్చి, అమ్ముకుని, ఖాళీ తట్టతో అక్కడికి చేరేది. ముందు గేటుకు రాకూడదని వాచ్‌మన్ చెప్పాడట. నేను వెళ్ళేసరికి ఇంగ్రిడ్ గారు నాగమణి ఎదుట దుర్గ వీపు వెనక కూర్చుని నాలుగు పాయల జడ నేర్చుకుంటున్నారు.

"అట్టా కాదమ్మగోరూ, ఆ పాయ కిందనించి రావాల. వలల్లటం తెలవదా మీకు?" అంటోంది నాగమణి.

"తెలుసు. మా అమ్మ వల అల్లేది. మా ఇల్లు చేప వాసన," అన్నారు ఇంగ్రిడ్ గారు తన పిల్లల తెలుగులో. నాగమణి పకపకా నవ్వింది.

తిరిగి వస్తుంటే నాతో ఇంగ్లీషులో మాట్లాడారు. "చీటీ తీస్తే వచ్చిన పక్షం వాదిస్తానని చెప్పావు. ఈ పక్షం నీకు ఏ చీటీలో వచ్చింది?" నేను స్కూలు మూతబడే సంగతి చెప్పాను. "అయితే ఆ మాట దాతలకు చెప్పండి. పిల్లలకు తల్లులున్నారు, అయినా బడి కావాలి అని చెప్పండి. ఎందుకు చెప్పరు?" అన్నారు. ఈ సంగతి వివరిస్తూ తన చర్చికి ఆమె రాసిన రెండు ఉత్తరాలకూ జవాబు రాలేదు.

తర్వాతి నెలలో దాతలు వచ్చారు. నీలం గౌన్లు బయటికి వచ్చాయి. పిల్లలకు ఇంగ్లీషు వచ్చినా సాక్ష్యం తెలుగులోనే చెప్పాలని డైరెక్టరుగారి నియమం. దుబాసి గొంతులో వింటే హృదయానికి ఎక్కువ తగులుతుందట. దుర్గ మైకు ముందుకు వచ్చి వల్లె వేయించిన మాటలు చెప్పింది. "నాకు అమ్మ లేదు. నాన్న లేడు. ఈ ఇల్లే నా ఇల్లు." నేను పొల్లు పోకుండా అనువదించాను. ముందువరుసలో ఒకామె కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు ఇంగ్రిడ్ గారు లేచి వెనక గేటు వైపు వెళ్ళారు. ఆ రోజు రమ్మని ఆమే కబురు పెట్టారని తర్వాత తెలిసింది. నాగమణిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ముందువరుసలో తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను పక్కన నేల మీద కూర్చున్నారు. ఈమె ఎవరని ఒక దాత ఇంగ్లీషులో అడిగారు. నా చేతిలో మైకు ఉంది. ఇంగ్రిడ్ గారు నా ముఖంలోకి చూస్తున్నారు. డైరెక్టరుగారు చెదరని చిరునవ్వుతో నా చెవి దగ్గరకు వంగి తెలుగులో, "వంటావిడని చెప్పమ్మా," అన్నారు.

చెప్పాను. ఈమె మా వంటావిడ అని, చక్కని ఉచ్చారణతో, మైకులో చెప్పాను.

"కాదు! ఆమె ఈ పిల్ల తల్లి!" అని ఇంగ్రిడ్ గారు లేచి ఇంగ్లీషులో అరిచారు. డైరెక్టరుగారు నా చేతిలోంచి మైకు అందుకుని నవ్వారు. తమ దేశంలో వంటచేసి పెట్టే ఆవిడను కూడా పిల్లలు అమ్మా అనే పిలుస్తారనీ, అది తమ సంస్కృతి అనీ, సిస్టర్ అందుకే పొరపాటు పడ్డారనీ ఇంగ్లీషులో చెప్పారు. అది నా వాక్యం. నేను తయారుచేసి, ఆయనకు గొప్పగా చెప్పుకున్న వాక్యం. అందరూ చప్పట్లు కొట్టారు. ఏం జరుగుతోందో తెలియని నాగమణి లేచి నిలబడి, సిగ్గుపడుతూ, ఆ చప్పట్లకు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. వేదిక మీద దుర్గ తల వంచుకుంది. ఆ తర్వాత తల్లి వైపు చూడలేదు.

మూడోరోజుకల్లా ఇంగ్రిడ్ గారి సేవలు ఇక అవసరం లేదన్నారు. విమానాశ్రయానికి నేనూ వెళ్ళాను. క్షమించమని అడగబోయాను. నన్ను వాక్యం పూర్తి చేయనివ్వలేదు.

"నాకు చెప్పొద్దు. నువ్వు అన్నది నాకు అర్థమైంది. అర్థం కానిది ఆమెకు. నువ్వు ఇంగ్లీషులో అన్న మాటను వెళ్ళి ఆమెకు తెలుగులో చెప్పు. నీ పని అదే కదా!" అన్నారు. ఆ గొంతులో దయ లేదు. లేనందుకు ఆమెకు రుణపడి ఉన్నాను. అప్పటిదాకా నాతో మాట్లాడిన పెద్దలందరూ నా తెలివిని మెచ్చుకున్నవాళ్ళే.

నేను వెంటనే వెళ్ళలేదు. ముందు సులువైన పని చేశాను. ఉద్యోగం మానేసి అధికారులకు పన్నెండు పేజీల ఫిర్యాదు రాశాను. విచారణ వచ్చింది. విచారణ కంటే ముందే గృహంవాళ్ళు తల్లిదండ్రులున్న పిల్లలను ఒక్కరోజులో బస్సెక్కించి ఊళ్ళలో దింపేశారు, టీసీలైనా ఇవ్వకుండా. గేటు మీద బోర్డు మారింది. మనుషులు మారలేదు. డైరెక్టరుగారు ఈనాటికీ సభల్లో దండలు వేయించుకుంటున్నారు. దుర్గ టీసీ కోసం నేను ఏడు నెలలు తిరిగాను. అది చేతికి వచ్చాక, ఇక సాకు మిగలక, కొల్లేటి ఒడ్డున ఉన్న వాళ్ళ ఊరికి వెళ్ళాను.

నాగమణి ఇంటి ముందు కత్తిపీట వేసుకుని చేపలు కోస్తోంది. టీసీ ఇస్తే కొంగుతో చెయ్యి తుడుచుకుని అందుకుంది. అప్పుడు చెప్పాను. ఆ రోజు వాళ్ళు మీరెవరని అడిగారని, వంటావిడని నేనే చెప్పానని, మీకు కొట్టిన చప్పట్లు అందుకేనని. దుర్గ గుమ్మంలో నిలబడి వింటోంది.

నాగమణి నన్ను కాదు, కూతురిని చూసింది. "నీకు తెలుసా ఏంటే?"

"తెలుసు. ఇంగ్లీషు నాకర్థమవుద్దిగా. నీకు చెప్తే ఏడుస్తావని," అంది దుర్గ.

"అందుకా తలొంచుకున్నావు!" అంది నాగమణి. నా వైపు తిరిగింది. "నా ఒంటి నీసు కంపుకి నలుగుర్లో సిగ్గుపడిందేమో అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ. అది ఇంటికొచ్చినకాడ్నించీ దాని పక్కన పడుకోబోయే ముందు రెండుసార్లు సబ్బెట్టి తోముకుంటన్నా. చదువుకున్నదానివి. నీకేం పోయేకాలమొచ్చి అట్టా చెప్పావు?"

స్కూలు మూతబడుతుందన్నారని చెప్పవచ్చు. నా వయసు అప్పుడు ఇరవయ్యొకటి అని చెప్పవచ్చు. పక్కన డైరెక్టరుగారు నిలబడి ఉన్నారని చెప్పవచ్చు. మూడూ వరుసగా నాలుక చివరకు వచ్చాయి, పోటీల్లో వచ్చినట్టే. ఒక్కటీ పైకి అనలేదు. "తప్పు చేశానండీ," అన్నాను.

ఆమె సరేననలేదు. పోనీలే అనలేదు. కత్తిపీట ముందు మళ్ళీ కూర్చుని, "దుర్గా, ఇట్టా వచ్చి కూచో," అంది. దుర్గ వచ్చి తల్లికి ఆనుకుని కూర్చుంది. నాగమణి చేతులు మోచేతుల దాకా పొలుసులతో ఉన్నాయి. కడుక్కోకుండానే ఒక చెయ్యి చాపి కూతురిని దగ్గరకు లాక్కుంది.

ఆ సంగతంతా ఇంగ్రిడ్ గారికి రాశాను. నాగమణి అన్న మాటలను, నన్ను తిట్టిన తిట్టుతో సహా, ఒక్క ముక్క మెత్తబరచకుండా ఇంగ్లీషులో పెట్టాను. నేను చేసిన అనువాదాల్లో పూర్తిగా నమ్మదగింది అదొక్కటే. కోపం తగ్గించుకోమని, వృత్తికి అది మంచిది కాదని మా సీనియర్ గారు అంటుంటారు. తగ్గించుకోను. అనువుగా దొరికిన నిజాన్ని ఎవరైనా నా చేతికిచ్చి దీన్ని వాడు అన్నప్పుడు, నాగమణి రెండోసారి సబ్బు రుద్దుకోవడం నాకు కనిపిస్తుంది.