రెండుసార్లు తొక్కాల్సిన బ్రేకు

మూడు నెలలపాటు నా కారు బ్రేకు రెండుసార్లు తొక్కితేగాని పడేది కాదు. మొదటిసారి పెడలు తడి ఇసుకలో కాలు దిగినట్టు దిగిపోయేది. వెంటనే ఇంకోసారి తొక్కితే కాస్త గట్టిపడి బండి ఆగేది. ఒడిశా బరంపురంలో, లంజిపల్లిలోని మా ఇంటి నుంచి పొలసరలో మా నూనె దుకాణానికి వారానికి మూడు రోజులు అలాగే వెళ్ళొచ్చాను. దారిలో ఎన్ని ఆవులున్నాయో, ఎన్ని గతుకులున్నాయో నా కుడికాలి పిక్కనడిగితే చెబుతుంది.

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా ఆయన మా బరంపురం దుకాణానికే పరిమితమయ్యారు. అలా పొలసర నా చేతికొచ్చింది. బి.ఏ. చదివి ఇరవై ఏళ్ళు పప్పుకు పోపు పెట్టినదాన్ని. అక్కడి గల్లా దగ్గర కుర్చీ నాకు ఎంత అవసరమో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే అదీ ఒక వాదన అవుతుంది.

మావయ్యగారికి ఎనభై దాటాయి. ఇంట్లో దీపపు కుందిలోగాని, ఊరగాయ జాడీలోగాని మట్టం తగ్గితే చూస్తూ ఊరుకోలేరు. నింపాల్సిందే. బళ్ళకూ పనిముట్లకూ చేసే విశ్వకర్మ పూజనాడు కారు బానెట్ తెరిపించి బొట్లు పెట్టిందీ ఆయనే. బ్రేకు సంగతి చెప్పినప్పుడు ఆయన తీర్పు ఆలస్యం కాలేదు.

"నీ కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉంటాదమ్మా. అలాగ తొక్కితే ఇనుమైనా అరిగిపోద్ది. పొలసరకి మా మేనల్లుణ్ణి పంపుదుం. ఆడే బండి నడుపుతాడు, ఆడే గల్లా సూసుకుంటాడు. నువ్వు ఇంటికాడ సుకంగా కూర్సో."

"సుకం ఇరవయ్యేళ్ళు సూసేసినాను మావయ్యగారూ. ఇంక సాలు."

"సాలంటే బండి బాగుండాల కదా. ఈ నెలాఖరుదాకా సూద్దుం."

అప్పటికి నెలలో పది రోజులు మిగిలాయి.

ఊళ్ళో మెకానిక్ బ్రేకు ప్యాడ్లు మార్చాడు. గొట్టాల్లో గాలి చేరిందని రెండుసార్లు గాలి తీశాడు. రెండు రోజులు బాగానే ఉండి, మూడోరోజు పెడలు మళ్ళీ దిగింది. వెళ్ళి అడిగితే, ఎదురుగా నన్ను పెట్టుకుని మా ఆయనకు ఫోన్ చేసి, "సార్, మేడమ్ నడిపే పద్ధతిలోనే తేడా ఉంది" అన్నాడు. బండి నాది, కాలు నాది, నీ ముందు నిలబడింది నేను, ఆయనతో ఏం మాట్లాడతావని ఒడియాలో కడిగేశాను. ఇంటికొచ్చి మంచం మీద వాలాక తెలిసింది, ఆ మాత్రం పోట్లాటకు కూడా ఒంట్లో ఓపిక లేదని.

గిరిసోలలో చేపల వ్యాన్లు బాగుచేసే మనిషి ఉన్నాడని పక్కింటావిడ చెప్పింది. ఎడమ చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీద పెట్టుకుని, ఎద్దుబండి నడకన అక్కడికి చేరాను. నా వయసువాడే. వాళ్ళది సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. ఇతనికి పడవెక్కితే వాంతులట, అందుకని ఇటొచ్చాడు. ఆ సంగతి అతనే చెప్పి అతనే నవ్వాడు.

"నా కాలుదే తప్పని నువ్వూ అంటావా?" అన్నాను దిగకముందే.

"కాలు సంగతి తరవాత సూద్దుమక్కా. ఇంజను ఆన్‌లో ఎట్టి, బ్రేకు తొక్కి అలాగే ఉంచు."

తొక్కి ఉంచాను. పెడలు మెల్లగా, నా ప్రమేయం లేకుండా అడుక్కి దిగింది. అతను నాలుగు చక్రాల లోపలివైపూ తడిమి చూశాడు. ఎక్కడా తడి లేదు. బయటికి కారకుండా పెడలు దిగుతుందంటే లోపల రబ్బర్లు పట్టు వదిలినట్టేనన్నాడు. బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీశాడు. మూతలోని రబ్బరు నానిన శనగలా ఉబ్బిపోయి ఉంది. వేలు ముంచి వాసన చూసి నా మొహంలోకి చూశాడు.

"ఏటక్కా, ఇందులో దీపమెట్టినారా?"

గాజు సీసాలో నీళ్ళు పోసి, ఆ డబ్బాలోది కాస్త అందులో పోశాడు. బ్రేకు ఆయిల్ నీళ్ళలో కలిసిపోయింది. పైన మాత్రం పసుపుపచ్చగా ఒక పొర తేలింది. వంటనూనె పడితే ఈ రబ్బర్లు పాడైపోతాయని, అన్నీ మార్చి గొట్టాలు కడగాలని, రెండు రోజులు బండి వదలమని చెప్పాడు. నేను ఆ సీసాకు మూత బిగించి, సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

మావయ్యగారు వరండాలో ఉన్నారు. సీసా మూత తీసి ఎదురుగా పెట్టాను.

"ఇది ఏ నూనో సెప్పండి."

నూనె గురించి ఎవరైనా అడిగితే ఆయనకు ప్రాణం లేచొస్తుంది. పై పొరను వేలితో తీసి, అరచేతిలో రుద్ది, కళ్ళు మూసుకుని వాసన చూశారు.

"నువ్వుల నూని. మనదే. గానుగలో మొదటి తీత. నీళ్ళలో ఎందుకేసినారు, పాడుసేత్తానికి కాకపోతే?"

"మన కారు బ్రేకు డబ్బాలోంచి తీసినారు."

ఆయన అరచెయ్యి అలాగే ముక్కు దగ్గర ఆగిపోయింది. దాన్ని పంచెకు తుడుచుకున్నారు.

"పూజనాడు సూసినాను. మట్టం గీత కింద ఉంది. కాళీగా ఉంచకూడదని కాస్త..." అని, గొంతు పెంచారు. "కల్తీ నూనైతే ఏటీ అయ్యుండదు. అచ్చమైంది కాబట్టే అంత పని సేసింది."

లోపలికి వెళ్ళి కాళ్ళు చాపుకుని పడుకున్నాను. గెలిచినవాళ్ళకు ఒళ్ళు తేలికవుతుందంటారు. నాకు పిక్కలు లాగాయి, అంతే.

బండి వచ్చిన మర్నాడు మావయ్యగారు తానూ పొలసర వస్తానని వెనకసీట్లో కూర్చున్నారు. మొదటి గతుకు దగ్గర అలవాటుకొద్దీ రెండుసార్లు తొక్కాను. మొదటిదానికే బండి నిలబడిపోయింది. ఆయన ముందు సీటు పట్టుకుని నిలదొక్కుకున్నారు.

"ఒక్కసారి సాలమ్మా."

"తెలుసు. కాలికి ఇంకా తెలీలేదు."

కొంతదూరం పోయాక వెనకనుంచి అడిగారు. "పొలసరకి నువ్వుల నూని సరిపోతాదా? ఇంకేటైనా పంపమంటావా?"

మేనల్లుడి ఊసు లేదు. నన్నే అడుగుతున్నారు.

"సరిపోద్ది మావయ్యగారూ, బండిలో ఎవురూ పొయ్యకపోతే."

ఆయన కిటికీ బయటికి చూశారు. ముందర ఆవొకటి రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. ఈసారి ఒక్కసారే తొక్కాను.