ఎవరూ అనని దీవెన

పెద్దవాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టాలంటే నాకు ఆరేళ్ళుగా చిరాకు. వంగిన ప్రతిసారీ అదే దీవెన: "పండంటి బిడ్డనెత్తుకోమ్మా!" రెండుసార్లు కడుపు పోయినదాన్ని. పళ్ళు బిగపట్టి నవ్వేదాన్ని.

మొన్న భీమవరంలో మా ఆడపడుచు కొడుకు పెళ్ళిలో మాత్రం ఒక్కరూ ఆ మాట అనలేదు. పెదమావయ్యగారికి దణ్ణం పెడితే, "చల్లగా ఉండమ్మా" అని గబుక్కున ఫోన్‌లోకి చూసుకున్నారు. పిన్నత్తగారు ఏదో అనబోయి మింగేసి, "టిఫిన్ చేశావా?" అన్నారు.

హమ్మయ్య అనుకోవాలి కదా! ఛస్తే అనిపించలేదు. కాళ్ళు ఒకచోట నిలవలేదు. మండపానికీ భోజనాల హాలుకీ మధ్య ఊరికే తిరిగాను. నాకిక పిల్లలు పుట్టరని వీళ్ళంతా తేల్చేశారా? డాక్టరు నాకు చెప్పని మాట వీళ్ళకి చెప్పారా? ఎవరు మెల్లగా మాట్లాడుకుంటున్నా నా గురించే అనిపించింది.

పెళ్ళికూతురి నానమ్మగారికి మా సంగతులేం తెలుస్తాయి? పనిగట్టుకుని వెళ్ళి ఆవిడకి దణ్ణం పెట్టాను. ఆవిడ నా తలమీద చెయ్యి వేసి, "పండంటి..." అంటూ నా వెనక్కి చూసి ఆగిపోయారు. తిరిగి చూద్దును కదా, మా అత్తగారు! వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నారు.

ఒళ్ళు మండింది. అత్తగార్ని చేతులు కడుక్కునే చోటికి లాక్కెళ్ళాను.

"ఏంటండీ ఇది? అందరికీ మీరే చెప్పారా?"

"చెప్పానమ్మా. పొద్దున్నే ఒక్కొక్కళ్ళకీ చెప్పాను."

"నాకిక పుట్టరనేగా! ఆ మాటేదో నా మొహాన్నే అనొచ్చుగా?"

"రామ రామ! అదేం మాట?" ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "కిందటేడు రెండోసారి కడుపు పోయినప్పుడు రాజమండ్రి ఆసుపత్రిలో నీకు రక్తం ఆగలేదు. నీకు స్పృహ లేదు. డాక్టర్లు నీ మీద ఆశ వదులుకోమన్నారమ్మా. ఆ తలుపు ముందు కూర్చున్నది నేను. ఇంతమంది పెద్దవాళ్ళు, ఎవరి నోటి మాటైనా ఫలిస్తే నువ్వు మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళాలి కదా. నా వల్ల కాదు."

ఇన్నాళ్ళూ నాకు బిడ్డ పుట్టాలనే ఆవిడ గుళ్ళ చుట్టూ తిరుగుతున్నారనుకున్నాను. అక్కడే, ఆ తడి నేలమీదే వంగి ఆవిడ కాళ్ళు పట్టుకున్నాను.

"మరి మీరేమని దీవిస్తారండీ?"

ఆవిడ నన్ను లేవదీసి గుండెకి అదుముకున్నారు.

"బతుకు తల్లీ. నువ్వు బతుకు."