పడుగులో తప్పు

మా మామ మగ్గం నేసేటోడు. నేసిన గుడ్డ మీద కండ్లు మూసుకొని అరచెయ్యి పోనిచ్చి, తప్పు యాడుండాదో చెప్పేటోడు. ఆయనకు పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ లేస్తే కోసి తీసినారు. వాళ్ళ నాయనా, అన్నా పోయింది కూడా ఆ జబ్బుతోనే.

కర్నూలు ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితం చూసి, "గడ్డ కణాల్లో డీఎన్ఏ కొలత మామూలుగానే, ఎంత ఉండాలో అంతే ఉంది" అనింది.

"ఇంగేం భయం నాయనా!" అని మా ఆయన నవ్వినాడు.

మామ నవ్వలేదు. "పోగులు లెక్కకు సరిపోతే చాలదురా. పడుగులో, ఆ నిలువు పోగుల్లో, ఒకటి తప్పు పడితే, దాని మీద నేసిన చీరలన్నిటికీ ఆ తప్పు వస్తాది."

"నిజమే పెద్దాయనా. వంశంలో వచ్చే గడ్డల్లో చాలామటుకు కొలత సరిగ్గానే ఉంటుంది" అనింది డాక్టరమ్మ.



మామ మా ఆయన్ను ముందుకు తోసినాడు. "ముందు వీనికి ఆ తప్పు ఉండాదేమో చూడు తల్లీ."

తర్వాత నా చంకలోని బిడ్డ దిక్కు చూసి, కండ్లు మూసుకొని ఆ వీపు మీద అరచెయ్యి పోనిచ్చినాడు.